డ్రైవరు కనురెప్ప – మదుపరి లెక్క

నిద్ర దేహధర్మం. ఆకలిని కొంతసేపు మభ్యపెట్టవచ్చు, దాహాన్ని ఓర్చుకొనవచ్చు. తెల్లవారుజామున మూడు గంటల వేళ స్టీరింగు పట్టుకొన్న మనిషి కనురెప్పల మీద వాలే కునుకును మాత్రం ఎంతటి బలశాలి అయినా ఎల్లకాలం ఎదిరించలేడు. ఈ సత్యం మాకు పుస్తకాల వలన తెలిసినది కాదు. కర్నూలు నగరాన్ని ఒరుసుకొని పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా కళాశాల విద్యార్థులలో అనేకుల ఇండ్లకు అన్నం పెడుతున్నది. ఈ వ్యాసం వ్రాస్తున్న మేము ఐదుగురం వాణిజ్యశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థులం. మాలో ముగ్గురి తండ్రులు లారీ డ్రైవర్లు. ఒకరి పెద్దన్న హైదరాబాదు, బెంగుళూరుల నడుమ బస్సు నడుపుతారు. ముఖాన చన్నీళ్లు చల్లుకోవడం, ధాబా దగ్గర ఆగి చాయ్ తాగడం, క్లీనరును నిద్రపోనీయకుండా మాటల్లో పెట్టడం – ఇవే తరతరాలుగా వారికి తెలిసిన మందులు.

ఈ మందులకు బదులుగా నేడు ఒక యంత్రం వచ్చినది. డ్రైవరు కన్నులను కనిపెట్టి చూస్తూ, రెప్ప వాలగానే హెచ్చరించే కెమెరా అది. దానిని చేసే కంపెనీలు విదేశీ షేరు మార్కెట్లలో ఉన్నవి. మా మిత్రుని అబ్బా ఈ వార్త ఎక్కడో విని, కుమార్తె నర్సింగు చదువుకని కూడబెట్టిన సొమ్మును ఆ కంపెనీల షేర్లలో పెట్టవచ్చునా అని మమ్ము అడిగినారు. “లారీలన్నిటికీ ఈ కెమెరా చట్టప్రకారం పెట్టవలసి వస్తే, చేసేవాడు బాగుపడక ఏమవుతాడు?” అన్నది ఆయన తర్కం. తనను కాపలా కాయబోయే యంత్రంలో తానే వాటాదారు కావాలనుకొన్న ఆ పెద్దమనిషి ప్రశ్నకు బాధ్యతతో జవాబు చెప్పవలసిన అవసరం మాకు కలిగినది. ఆ జవాబును వెదకిన క్రమమే ఈ వ్యాసం.

ముందుగా యంత్రం సంగతి. స్టీరింగు వెనుకనో, డాష్‌బోర్డు మీదనో, వెనుకకు చూసే అద్దం అంచుననో చిన్న కెమెరా అమర్చుతారు. దాని ప్రక్కన పరారుణ కాంతిని వెదజల్లే బుల్లి దీపాలు ఉంటవి. ఆ కాంతి మనిషి కంటికి ఆనదు. అయినను చిమ్మచీకటిలో సైతం డ్రైవరు ముఖాన్ని కెమెరాకు స్పష్టంగా చూపుతుంది. చాలా రకాల చలువ కళ్లద్దాల గుండా కూడ అది ప్రసరించగలదు. తల ఎటు తిరిగినది, చూపు ఎక్కడ నిలిచినది, రెప్పలు ఎంత మేరకు మూసుకొన్నవి అన్న సంగతులను కంప్యూటరు సెకనుకు అనేక పర్యాయాలు కొలుస్తుంది. 1990వ దశకంలో అమెరికా పరిశోధకులు ఇందుకొక కొలమానాన్ని రూపొందించినారు. నిర్ణీత వ్యవధిలో రెప్ప కనుపాపను 80 శాతానికి మించి కప్పివేసిన సమయం ఎంత అన్నదే ఆ కొలత. మామూలు రెప్పపాటు క్షణంలో పోతుంది. నిద్రమత్తులోని రెప్ప మెల్లగా దిగి, మెల్లగా లేస్తుంది. ఈ తేడాను పట్టుకొనడమే ఈ విద్యలోని కీలకం.

ఇది నిన్నటి ఆలోచన కాదు. జపానుకు చెందిన టొయోటా సంస్థ 2006లోనే తన లెక్సస్ కార్లలో డ్రైవరు ముఖాన్ని చూసే కెమెరాను అమర్చినది. 2009లో మెర్సిడెస్ సంస్థ వేరొక మార్గం పట్టి, స్టీరింగు త్రిప్పే తీరులోని మార్పును బట్టి అలసటను ఊహించే పద్ధతిని ప్రవేశపెట్టినది. 2017లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి కాడిలాక్ కారు, ఎంపిక చేసిన రహదారుల మీద చేతులు తీసివేసినా తనంతట తాను సాగే ఏర్పాటుతో వచ్చినది. అయితే డ్రైవరు చూపు రోడ్డు మీద ఉన్నదా లేదా అని కెమెరా సదా గమనిస్తూ ఉండాలి. కారు తెలివి పెరిగిన కొలదీ మనిషి ఏమరుపాటు పెరుగుతుంది కనుక, అతనిని చూసే కన్ను మరింత అవసరమైనది.

దీనితో ముడిపడిన మరొక పరిశ్రమ కూడ ఉన్నది. విమానంలో చోదకుడు కూర్చుండే భాగాన్ని కాక్‌పిట్ అంటారు. నేడు కారులోని ముందరి భాగానికీ అదే పేరు పెట్టినారు. వెనుకటి అంబాసిడరు కారులో వేగం చూపే ముల్లు, పెట్రోలు చూపే ముల్లు, మహా అయితే ఒక రేడియో ఉండేవి; దేని యంత్రం దానిదే. ఇప్పుడు ముళ్లు, తెర, దారి చూపే పటం, మాట వినే యంత్రం, డ్రైవరును చూసే కెమెరా – ఇన్నింటినీ ఒకే శక్తిమంతమైన చిప్పు నడిపించే పద్ధతి ప్రబలుతున్నది. ఫోర్డు నుండి 2000లో విడివడిన విస్టియన్, 2017లో శాంసంగ్ సుమారు 800 కోట్ల డాలర్లకు కొనివేసిన హర్మన్, చైనాలోని హుయిజౌ నగరపు దేశాయ్ ఎస్‌వి మొదలైనవి ఈ రంగంలోని సరఫరాదారులు. వీరిలో పలువురికి చిప్పులు అందించేది క్వాల్‌కామ్.

ఇక చట్టం సంగతి. మిత్రుని అబ్బా తర్కానికి ఆధారం ఇదే. యూరోపియన్ యూనియన్ 2019లో వాహన భద్రతపై ఒక నిబంధనావళి చేసినది. దాని ప్రకారం నిద్రమత్తును గుర్తించి హెచ్చరించే ఏర్పాటు 2022 జూలై నుండి కొత్త నమూనాలకు, 2024 జూలై నుండి అమ్ముడుపోయే ప్రతి కొత్త వాహనానికి తప్పనిసరి అయినది. చూపు రోడ్డు మీద నుండి మరలితే హెచ్చరించే ఏర్పాటుకు 2024 జూలై, 2026 జూలై గడువులుగా నిర్ణయించినారు. నిద్రమత్తును స్టీరింగు కదలికల బట్టి కూడ ఊహించవచ్చు. చూపు ఎటు పోయినదో తెలియాలంటే మాత్రం కెమెరాయే శరణ్యం. కనుక ఈ రెండవ గడువు కెమెరా కంపెనీలకు అసలైన పండుగ. మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. 2025లో కేంద్ర రవాణా శాఖ బస్సులకు, లారీలకు ఈ హెచ్చరిక ఏర్పాటును విధించే ముసాయిదాను వెలువరించినది.

గడువు తేదీలతో సహా చట్టం వ్రాసిపెట్టిన అమ్మకం ఏ వ్యాపారికి లభిస్తుంది? ఇంతవరకు చదివిన వారెవరైనా మిత్రుని అబ్బా మాటే నిజమనుకొంటారు. మేమూ ఆ ఆశతోనే కంపెనీల వార్షిక నివేదికలు తెరిచినాము. అక్కడ కనబడిన చిత్రం వేరు.

రెండు కంపెనీలను ఉదాహరణగా తీసుకొందాము. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరంలో, అక్కడి జాతీయ విశ్వవిద్యాలయపు పరిశోధన నుండి 2000లో పుట్టినది సీయింగ్ మెషీన్స్. 2005లో లండనులోని చిన్న కంపెనీల మార్కెట్టులో షేర్లు జారీ చేసినది. స్వీడనులోని గోథెన్‌బర్గ్‌లో 1999లో పుట్టినది స్మార్ట్ ఐ. అది 2016లో అక్కడి మార్కెట్టులో చేరినది. 2021లో అమెరికాకు చెందిన అఫెక్టివా అనే సంస్థను 7 కోట్ల 35 లక్షల డాలర్లకు కొన్నది. కైరో నగరంలో జన్మించిన రానా ఎల్ కలియూబీ, తన సహ పరిశోధకురాలు రోజలిండ్ పికార్డ్‌తో కలిసి 2009లో స్థాపించిన సంస్థ అది. మనిషి ముఖంలోని భావాలను యంత్రం చేత చదివించడం దాని విద్య. ఈ కంపెనీల ప్రతిభను శంకించవలసిన పని లేదు. అయినను ఇరువురూ షేరు మార్కెట్టుకు వచ్చిన తరువాత అత్యధిక సంవత్సరాలు నష్టాలనే చూపినారు.

దీనికి కారణం పరిశ్రమ నడిచే తీరులోనే ఉన్నది. ఒక కార్ల కంపెనీ “మా రాబోయే నమూనాలో మీ సరుకు వాడుతాము” అని ఎంపిక చేసిన నాటికీ, ఆ కారు కర్మాగారపు గడప దాటే నాటికీ నడుమ రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. ఆ కాలమంతా ఇంజనీర్లకు జీతాలు ఇవ్వాలి, పరీక్షలు జరపాలి. కారు అమ్ముడుపోయినప్పుడే, కారుకు ఇంత అని రుసుము చేతికి వస్తుంది. అంతవరకు కంపెనీ ప్రకటించేది “ఈ ఒప్పందం వలన ఆ నమూనా జీవితకాలంలో ఇంత రావచ్చు” అన్న అంచనా మాత్రమే. ఉల్లినారు నాటిన రోజుననే మా కర్నూలు మార్కెట్ యార్డు ధరతో లెక్క వేసుకొని, ఆ లెక్క మీద పెండ్లి ముహూర్తం పెట్టుకొన్న రైతు గతి ఏమవుతుందో మా జిల్లా వారికి చెప్పనక్కరలేదు. కారు ఆలస్యం కావచ్చు, అమ్మకాలు తగ్గవచ్చు, నమూనాయే రద్దు కావచ్చు.

ఆదాయం వచ్చేలోపు ఖర్చుకు సొమ్ము ఎక్కడిది? కొత్త షేర్లు జారీ చేయాలి, లేదా అప్పు తేవాలి. 100 షేర్లు గల కంపెనీలో మనకు 10 ఉన్నవనుకొందాము. మన భాగం పదవ వంతు. కంపెనీ మరొక 100 షేర్లను ఇతరులకు అమ్మినచో, మన చేతిలోని కాగితం తరగకపోయినను మన భాగం ఇరువదవ వంతుకు దిగుతుంది. 2022 అక్టోబరులో కెనడాకు చెందిన మాగ్నా అనే పెద్ద సరఫరాదారు సీయింగ్ మెషీన్స్‌తో 6 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకొన్నది. అందులో 4 కోట్ల 75 లక్షలు షేర్లుగా మార్చుకొనే హక్కు గల అప్పు. అప్పు తీర్చవలసినా భారమే. షేర్లుగా మారినా పాత వాటాదారు భాగం తరుగుటే. వార్తాపత్రికలో శుభవార్తగా కనిపించే పెట్టుబడికి ఈ రెండవ ముఖం కూడ ఉంటుందని మేము గ్రహించినాము.

పైగా కొనేవారు కొద్దిమంది, మహాబలులు. ప్రపంచంలో పెద్ద కార్ల కంపెనీలను వ్రేళ్ల మీద లెక్కించవచ్చు. ఏటేటా ధర తగ్గించమని సరఫరాదారును అడగడం వారికి పరిపాటి. మరొక వైపు చిప్పుల కంపెనీ “మా చిప్పు కొంటే కన్నును చూసే విద్య కూడ అందులోనే వస్తుంది” అన్ననాడు, ఆ విద్య ఒక్కటే అమ్ముకొనే చిన్న కంపెనీ ఏమి కావాలి? చట్టం సరుకును తప్పనిసరి చేస్తుంది. ఫలానా వాని దగ్గరే కొనమని గాని, ఫలానా ధర ఇమ్మని గాని అనదు.

చట్టం కాపాడలేని సరఫరాదారుకు చరిత్రలో ఒక మహోదాహరణ ఉన్నది. అమెరికాలో 1998 నమూనా కార్ల నుండి ముందు సీట్లకు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయినవి. వాటిని చేసే అగ్రశ్రేణి సంస్థలలో జపానుకు చెందిన టకాటా ఒకటి. దాని ఎయిర్‌బ్యాగులను ఉబ్బించే గుళికలు ప్రేలి, లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయినారు. కార్ల చరిత్రలోనే అతి పెద్ద వాపసు జరిగినది. పరీక్షల వివరాలను వక్రీకరించిన నేరాన్ని ఆ సంస్థ 2017లో అమెరికా న్యాయస్థానంలో ఒప్పుకొన్నది. అదే ఏడు జూన్‌లో దివాలా అర్జీ పెట్టినది. కాక్‌పిట్ రంగపు విస్టియన్ కూడ 2009లో దివాలా రక్షణ కోరి, 2010లో బయటపడినదే. అదృష్టం వరించిన సందర్భాలూ లేకపోలేదు. 2021లో వియోనీర్ అనే స్వీడను భద్రతా పరికరాల కంపెనీకి మాగ్నా షేరుకు 31.25 డాలర్లు ఇస్తానన్నది. క్వాల్‌కామ్ పోటీకి వచ్చి 37 డాలర్లకు బేరం ముగించినది. అయితే ఎవరో వచ్చి కొంటారన్న ఆశ మీద ఇల్లు కట్టుకోరాదు.

మా చర్చలలో అన్నిటికన్న ఎక్కువసేపు నడిచినది లాభం గూర్చిన చర్చ కాదు. మిత్రుని అబ్బా మరొక ప్రశ్న కూడ వేసినారు: “నా రెప్పలు వాలినవని ఆ కెమెరా ఓనరుకు చెబుతుంది సరే, నేను పదహారు గంటలుగా బండి దిగలేదని కూడ చెబుతుందా?” యూరోపు నిబంధన ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. హెచ్చరిక కొరకు సేకరించిన వివరాలు వాహనంలోనే ఉండాలి, పని ముగియగానే చెరిపివేయాలి, మూడవ వ్యక్తికి అందరాదు. ఆ కన్ను డ్రైవరును మేల్కొల్పి ఊరకుంటుంది. కాని రవాణా కంపెనీలకు అమ్మే కెమెరాల తీరు వేరు. డ్రైవరు కునికిన దృశ్యం ఎక్కడో ఉన్న పర్యవేక్షణ కేంద్రానికి, అక్కడి నుండి యజమానికి చేరుతుంది. ఆ యజమాని సహృదయుడైతే బండి ఆపించి విశ్రాంతి ఇస్తాడు; కాకున్నచో జీతంలో కోత విధిస్తాడు. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఆనాడే రోజుకు 8 గంటల పనిని నిర్ణయించినది. ఆ ఎనిమిది గంటలు మా తండ్రులు ఏనాడూ చూడలేదు. గంటలను లెక్కించక రెప్పలను మాత్రమే లెక్కించే యంత్రం రోగాన్ని వదలి జ్వరాన్ని కొలిచినట్లవుతుంది. మదుపరి తాను కొనే షేరు ఏ రకం కన్నుకు చెందినదో తెలుసుకొనడం ధర్మమే గాక, వివేకం కూడ. కార్మికులు అసహ్యించుకొనే సరుకు మీద అభ్యంతరాలు, వ్యాజ్యాలు, కొత్త ఆంక్షలు రాక మానవు.

ఇంతకూ మేము మిత్రుని అబ్బాకు ఏమి చెప్పినాము? విదేశీ షేర్లు కొనుట నిషిద్ధమేమీ కాదు. రిజర్వు బ్యాంకు పథకం క్రింద వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. కాని మారకపు ఖర్చు, దళారీ రుసుము, పన్ను లెక్కలు చిన్న మొత్తాన్ని మొదటనే కొరికివేస్తవి. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి చెప్పినాము: “చెల్లెలి చదువు సొమ్ముకు గడువు ఉన్నది; వచ్చే రెండేండ్లలో ఫీజు కట్టాలి. ఈ కంపెనీల లాభానికి గడువు లేదు. గడువు గల సొమ్మును గడువు లేని ఆశ మీద పెట్టరాదు.” ఆయన కొంతసేపు మౌనం వహించి, సొమ్మును బ్యాంకులోనే ఉంచినారు. మేము ఆ కంపెనీలు చెడ్డవని చెప్పలేదు. వాటి షేర్లు రేపు పెరగవచ్చు కూడ. పెరిగినను మా జవాబు మారదు. ఫీజు కట్టవలసిన తేదీ షేరు ధరను బట్టి జరగదు గదా.

పదేండ్ల వరకు అవసరపడని సొమ్ము గలవారు ఈ రంగంలోకి దిగదలచినచో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని మాకు తోచినవి. కంపెనీ చెప్పే ఒప్పందాల విలువలో ఇప్పటికే రోడ్డెక్కిన కార్ల నుండి వచ్చినది ఎంత? చేతిలోని నగదు ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుంది? ఐదేండ్లలో షేర్ల సంఖ్య ఎంత పెరిగినది? ఆదాయంలో సగం ఒకే కొనుగోలుదారు నుండి వస్తున్నదా? కెమెరా చూసినది ఎవరికి చేరుతుంది? ఈ ఐదింటికీ సమాధానాలు వార్షిక నివేదికలో చాలవరకు దొరుకుతవి; దొరకనిచో అదే ఒక సమాధానం.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారం, 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారు. చేతిలోని ఫోనులో వేలితో నొక్కి చేసే ఆ జూదానికీ, ఒక పరిశ్రమను ఏండ్ల తరబడి చదివి పెట్టే మదుపుకూ పోలిక లేదు. మన వంటి వారికి ఈ పరిశ్రమలో మరొక ప్రవేశద్వారం కూడ ఉన్నది. హుండయ్ మోబిస్, క్వాల్‌కామ్ వంటి సంస్థల ఇంజనీరింగు కేంద్రాలు హైదరాబాదులోనే ఉన్నవి. డ్రైవరు బిడ్డ ఆ విద్య నేర్చి అక్కడ చేరినచో, లారీలోని మనిషి కష్టం తెలిసిన వాడొకడు ఆ బల్ల దగ్గర కూర్చున్నట్లవుతుంది.

కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ప్రతి సంవత్సరం వాణిజ్య, భౌతికశాస్త్ర విద్యార్థులు కలిసి ఏదైనా ఒక పరిశ్రమకు చెందిన రెండు మూడు వార్షిక నివేదికలను ఉర్దూ, తెలుగు భాషలలో చదివి చర్చించుకొనేందుకు గ్రంథాలయంలో వారానికి ఒక గంట కేటాయించగలరు. మాకు అర్థం కాని లెక్కలను వాణిజ్య అధ్యాపకులు, మాకు తెలియని పరారుణ కాంతిని భౌతికశాస్త్ర మిత్రులు విప్పి చెప్పినందువలననే ఒక ఇంటి ప్రశ్నకు జవాబు ఇవ్వగలిగినాము. ఇటువంటి ప్రశ్నలు మన విద్యార్థుల ఇండ్లలో ఇంకా అనేకం ఉన్నవి.